మొదటి ఫైటింగ్ గేమ్ ఏది? ఎందుకు ఓడిపోయారో చెప్పేదే!

ఈ ఎపిసోడ్ మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న మీద. "బ్రో, ఫైటింగ్ గేమ్స్ నేర్చుకుందామనుకుంటున్నా, ఫస్ట్ ఏది కొనాలి? స్ట్రీట్ ఫైటరా, టెక్కెనా, మోర్టల్ కోంబాటా?" ఇంకొంతమంది, "నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది, నా సంగతేంటి?" అంటున్నారు. ఇద్దరికీ ఆన్సర్ ఉంది. చివరిదాకా ఉండండి.

ముందు ఒక చిన్న క్లారిటీ. మన ఊళ్ళల్లో వీడియో గేమ్ షాపుల్లో అందరూ ఆడిన ముస్తఫా గేమ్, అదే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, ఫైటింగ్ గేమ్ కాదు. అందులో మీరూ మీ ఫ్రెండూ ఒకే పక్క. కంప్యూటర్ పంపే గుంపుని కొట్టుకుంటూ ముందుకి వెళ్తారు. దాన్ని బీట్ ఎమ్ అప్ అంటారు. ఫైటింగ్ గేమ్ అంటే ఒకరికి ఒకరు. ప్లేస్టేషన్ షాపులో గంటకి ఇంత అని డబ్బులిచ్చి ఆడిన టెక్కెన్ 3 గుర్తుందా? ఎవడో ఒకడు ఎడ్డీని తీసుకుని కిక్ బటన్లు టకటకా నొక్కేస్తుంటాడు, పక్కనోడు "అరేయ్, ఇది చీటింగ్ రా" అని అరుస్తుంటాడు. అదీ ఫైటింగ్ గేమ్.

ఇప్పుడు అసలు సమస్య. ఈ జానర్‌లో కొత్తవాళ్ళు చాలా తొందరగా వదిలేస్తారు. ఎందుకంటే ఇక్కడ టీమ్ లేదు. బీజీఎంఐలో ఓడిపోతే "నా స్క్వాడ్ వేస్ట్" అనుకుని పడుకోవచ్చు. ఇక్కడ ఓడిపోతే ఓడింది మీరే. ఇంట్లో అడిగి అడిగి, డబ్బులు కూడబెట్టి గేమ్ కొంటారు. ఆన్‌లైన్‌కి వెళ్తారు. వరసగా ఇరవై మ్యాచ్‌లు పోతాయి. "మనకి రిఫ్లెక్సెస్ లేవులే" అని అన్‌ఇన్‌స్టాల్ కొట్టేస్తారు. డబ్బులు పోయాయి, అంతకంటే ముఖ్యంగా మీ మీద మీకు ఒక తప్పుడు అభిప్రాయం మిగిలింది.

ఆ రిఫ్లెక్సెస్ సంగతి ఒకసారి లెక్క వేద్దాం. ఈ గేమ్స్ సెకనుకి 60 ఫ్రేమ్స్‌లో నడుస్తాయి. స్ట్రీట్ ఫైటర్ 6లో ర్యూ లైట్ పంచ్ తగలడానికి 4 ఫ్రేమ్స్ చాలు. అంటే సెకనులో పదిహేనో వంతు. అది చూసి బ్లాక్ చేయడం మనిషికి సాధ్యం కాదు. ప్రపంచ ఛాంపియన్‌కి కూడా కాదు. మరి వాళ్ళెలా ఆపుతున్నారు? ఈ పొజిషన్‌లో ఏమేం రావచ్చో వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి. అంటే ఇందులో ఎక్కువ భాగం నేర్చుకుంటే వచ్చేదే.

అందుకే నా దగ్గర ఒకే రూల్ ఉంది. మొదటి ఫైటింగ్ గేమ్ అంటే అన్నిటికంటే ఈజీ గేమ్ అవ్వక్కర్లేదు, గ్రాఫిక్స్ అదిరిపోవక్కర్లేదు. ఓడిపోయిన ప్రతిసారీ "ఎందుకు ఓడిపోయాను" అన్న ప్రశ్నకి ఆన్సర్ దొరికేలా ఉండాలి. కోడింగ్ చేసేవాళ్ళకి తెలుసు, ఎర్రర్ మెసేజ్ వస్తే ఎంత పెద్ద బగ్ అయినా కూర్చుని ఫిక్స్ చేస్తాం. ఏ మెసేజ్ లేకుండా క్రాష్ అయితేనే తల పట్టుకుంటాం. గేమ్ విషయంలోనూ అంతే.

ఈ రూల్‌తో చూస్తే మూడు విషయాలు చెక్ చేయాలి.

ఒకటి, చేతులు. స్ట్రీట్ ఫైటర్‌లో ఫైర్‌బాల్ వేయాలంటే కింద, కింద-ముందు మూల, ముందు, ఆ తర్వాత పంచ్. కొత్తవాళ్ళకి ఇది పదిసార్లలో నాలుగుసార్లే వస్తుంది. అప్పుడు మీ ఆలోచన తప్పా, మీ వేలు తప్పా అనేది తెలీదు. ఒకేసారి రెండు బగ్స్ అన్నమాట. మొదటి నెలలో వేళ్ళ సమస్య తక్కువ ఉంటే బుర్రకి పని దొరుకుతుంది.

రెండు, గేమ్‌లో నేర్పించే టూల్స్. ట్రైనింగ్ మోడ్, రీప్లే, ట్యుటోరియల్. బటన్స్ పేర్లు చెప్పి వదిలేసే ట్యుటోరియల్ కాదు, ఎప్పుడు ఏది వాడాలో చెప్పేది కావాలి.

మూడు, మీ లెవెల్ మనుషులు. గేమ్ ఎంత బాగున్నా ఆన్‌లైన్‌లో పాతకాపులు మాత్రమే మిగిలి ఉంటే, మీరు ఎల్‌కేజీలో చేరి ఇంటర్ ఎగ్జామ్ రాస్తున్నట్టే.

ఇక గేమ్స్‌లోకి వెళ్దాం.

పీసీ గానీ కన్సోల్ గానీ ఉండి, ఒక్క గేమ్‌కే డబ్బులు ఉంటే, నా మాట స్ట్రీట్ ఫైటర్ 6. 2023 జూన్‌లో వచ్చింది. ఇందులో మోడ్రన్ కంట్రోల్స్ అని ఉన్నాయి. ఒక్క బటన్ నొక్కితే చాలు, ఫైర్‌బాల్ బయటికి వచ్చేస్తుంది. ఫ్రీగా ఏమీ ఇవ్వలేదు లెండి. అలా షార్ట్‌కట్‌లో వేసిన స్పెషల్ మూవ్‌కి డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు పంచ్‌లు, కిక్‌లు కూడా దొరకవు. "మోడ్రన్ వాడితే అసలైన ప్లేయర్ కాదు" అనేవాళ్ళు ఉంటారు, పట్టించుకోకండి. వేళ్ళ బగ్ పక్కన పెట్టి బుర్ర బగ్ మీద కూర్చోవడానికి అది మంచి దారి. ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ అని రంగు రంగుల గీత ఉంటుంది. మీ కిక్ బ్లాక్ అయ్యాక ఎదుటివాడు ముందు కదిలాడా, మీరు ముందు కదిలారా అనేది కంటికే కనిపిస్తుంది. ఒంటరిగా మెల్లగా నేర్చుకోవాలంటే వరల్డ్ టూర్ అనే స్టోరీ మోడ్ ఉంది. ముందు ఫ్రీ డెమో దించి ర్యూ, ల్యూక్‌లతో ఆడి చూడండి, తర్వాతే డబ్బులు పెట్టండి.

టెక్కెన్ 8 సంగతేంటి? 2024 జనవరిలో వచ్చింది. మన దగ్గర టెక్కెన్ పేరు తెలియని గేమర్ ఉండడు కాబట్టి ఆడటానికి ఫ్రెండ్స్ దొరకడం ఈజీ. రీప్లే సిస్టమ్ సూపర్. మీరు ఓడిపోయిన మ్యాచ్ చూస్తుంటే "ఇక్కడ ఈ మూవ్‌తో తిరిగి కొట్టొచ్చు" అని టిప్ ఇస్తుంది, అక్కడే ఆపి కంట్రోల్ మీరు తీసుకుని ట్రై చేయొచ్చు. ఎర్రర్ మెసేజ్ అంటే ఇదే! కానీ సిలబస్ పెద్దది. లాంచ్‌లోనే 32 క్యారెక్టర్లు, ఒక్కొక్కరి మూవ్ లిస్ట్ స్క్రోల్ చేస్తూనే ఉండాలి. మొదట్లో మీరు ఓడేది ఎక్కువగా మీరెప్పుడూ చూడని మూవ్స్‌కే. మీ గ్యాంగ్‌లో నలుగురు టెక్కెన్ ఆడుతుంటే కళ్ళు మూసుకుని టెక్కెన్‌కే వెళ్ళండి. ఒంటరిగా మొదలుపెడుతుంటే కాస్త ఆలోచించండి.

మోర్టల్ కోంబాట్ కథ కోసం కొనుక్కోండి, ఎంజాయ్ చేస్తారు. గిల్టీ గేర్ స్ట్రైవ్ చూడటానికి యానిమే లాగా ఉంటుంది, ఆన్‌లైన్ కనెక్షన్ స్మూత్‌గా ఉంటుంది, కానీ క్యారెక్టర్ క్యారెక్టర్‌కీ రూల్స్ మారిపోతాయి. రెండో గేమ్‌గా బెస్ట్.

డబ్బులు పెట్టలేను, మామూలు ల్యాప్‌టాప్ ఉంది అంటారా? ఫుట్‌సీస్ అని ఒక బుల్లి ఫ్రీ గేమ్ ఉంది. హైఫైట్ అనే డెవలపర్ చేశారు. ఎడమ, కుడి, ఒక అటాక్ బటన్. అంతే! ఈ జానర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం అందులో ఉంది. దాన్ని కబడ్డీతో చెప్తా. రైడర్ లోపలికొచ్చి కాలు కొంచెం చాపుతాడు, మళ్ళీ వెనక్కి లాగుతాడు. డిఫెండర్ ఆశపడి యాంకిల్ కోసం దూకుతాడు. దొరకలేదా, అతను కింద, రైడర్ టచ్ చేసి లైన్ దాటేస్తాడు. ఫైటింగ్ గేమ్‌లో కూడా ఎదుటివాడి కిక్ అందే దూరానికి ఒక్క అడుగు బయట నిలబడి, అతను గాల్లో కొట్టేలా చేసి, ఆ గ్యాప్‌లో కొడతారు. పెద్ద గేమ్స్‌లో లైట్లు, సూపర్లు, అరుపుల మధ్య ఈ పాఠం కనపడదు. ఫుట్‌సీస్‌లో అది తప్ప ఇంకేమీ ఉండదు.

ఫ్రీలోనే ఇంకోటి, ఫాంటసీ స్ట్రైక్. కొత్తవాళ్ళ కోసమే డిజైన్ చేశారు. కూర్చోవడం కూడా లేదు. రాయి-కాగితం-కత్తెర లాగా బ్లాక్ అటాక్‌ని ఆపుతుంది, త్రో బ్లాక్‌ని పగలగొడుతుంది, అటాక్ త్రోని ఆపుతుంది. ఈ మూడు ముక్కలాట అన్ని ఫైటింగ్ గేమ్స్‌లోనూ ఉంది, ఇక్కడ క్లియర్‌గా కనిపిస్తుంది. భలే విషయం ఏంటంటే, ఎదుటివాడు త్రో చేస్తాడని ముందే ఊహిస్తే కంట్రోల్స్ మీద నుంచి చేతులు తీసేయాలి. త్రో తిరగబడి అతనికే దెబ్బ! ఆన్‌లైన్ కంటే పక్కన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకుని ఆడటానికి బాగుంటుంది.

ఇప్పుడు ఫోన్ బ్యాచ్. మీకొక హెచ్చరిక. ప్లే స్టోర్‌లో ఫైటింగ్ అని కొడితే వచ్చేవాటిలో చాలావరకు క్యారెక్టర్లు కలెక్ట్ చేసి, లెవెల్స్ పెంచే గేమ్స్. ఎదుటివాడి లెవెల్ మీకు డబుల్ ఉంటే మీరెంత బాగా ఆడినా పోతారు. అప్పుడు ఓడింది మీరా, మీ పర్సా? తెలీదు! నా రూల్ ప్రకారం అది ఫెయిల్. టైంపాస్‌కి ఆడుకోండి, నేర్చుకోవడానికి మాత్రం వద్దు.

ఫోన్‌లో నా ఛాయిస్ బ్రాల్‌హాలా. ఫ్రీ. డబ్బులు పెట్టి పవర్ పెంచుకునే సిస్టమ్ లేదు. కొనుక్కునే స్కిన్స్ లుక్ కోసమే. ప్రతివారం కొన్ని క్యారెక్టర్లు ఫ్రీగా మారుతుంటాయి. పీసీ, కన్సోల్ వాళ్ళతో కూడా ఆడొచ్చు కాబట్టి మనుషులకి కొదవ లేదు. ఇది ప్లాట్‌ఫామ్ ఫైటర్, అంటే హెల్త్ అయిపోవడం కాదు, ఎదుటివాడిని స్టేజ్ బయటికి తోసేయాలి. స్ట్రీట్ ఫైటర్ కంటే వేరుగా ఉంటుంది. అయినా దూరం కొలవడం, తొందరపడకపోవడం, ఎదుటివాడి డాడ్జ్ అయిపోయేదాకా ఆగి కొట్టడం, ఇవన్నీ ఇక్కడ నేర్చుకుని రేపు ఏ గేమ్‌కైనా పట్టుకెళ్ళొచ్చు. టచ్ స్క్రీన్ ఇబ్బందైతే బ్లూటూత్ కంట్రోలర్ కలపండి.

ఇప్పుడు గేమ్ ఎంచుకున్నారు. తర్వాత ఏంటి? ఒక్క క్యారెక్టర్‌ని పట్టుకోండి, ఒక నెల మార్చకండి. రోజూ క్యారెక్టర్ మారిస్తే ఎర్రర్ ఎక్కడుందో మళ్ళీ తెలీదు. యూట్యూబ్‌లో ఇరవై దెబ్బల కాంబోలు చూసి వాటి వెంట పడకండి. మొదటి వారం మూడే పనులు. మీదికి ఎగిరి వచ్చేవాడిని కిందనుంచి కొట్టడం, కింద దెబ్బలు బ్లాక్ చేయడం, ఒక చిన్న కాంబో. కింది ర్యాంకుల్లో ఈ మూడింటితోనే బోలెడు మ్యాచ్‌లు గెలవొచ్చు. నెట్ విషయంలో వీలైతే వైఫై వదిలేసి కేబుల్ పెట్టండి. మ్యాచ్‌కి ముందు కనెక్షన్ బార్స్ చూసి దగ్గరలో ఉన్నవాళ్ళతోనే ఆడండి. ల్యాగ్‌లో ఓడిన మ్యాచ్ మీకేం నేర్పదు.

ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత ఒక్క లైన్ నోట్స్‌లో రాయండి. "మూడుసార్లు త్రోకి దొరికిపోయా." అంతే చాలు. మర్నాడు ట్రైనింగ్ మోడ్‌లో దాన్ని మాత్రమే చూడండి. ఆ లైన్ రాయలేకపోతే, అసలేం జరిగిందో తెలీకపోతే, అప్పుడు రీప్లే పెట్టండి.

చివరిగా ఒక్క మాట. వీలైతే పక్కన కూర్చునే మనిషిని వెతుక్కోండి. 2019లో టెక్కెన్ 7 ఆడుతూ ఎవో జపాన్, అదే ఏడాది లాస్ వేగస్‌లో ఎవో, రెండూ గెలిచిన అర్స్లాన్ ఆష్ ఎక్కడివాడో తెలుసా? లాహోర్. జపాన్, కొరియాల వాళ్ళే రాజులనుకున్న ఆటలో, ఎక్కడో ఆర్కేడ్ షాపుల్లో ఒకరినొకరు రోజూ ఓడించుకుంటూ ఎదిగిన గుంపులోంచి వచ్చాడు. మీ హాస్టల్ రూమ్‌లో ఒక్క ల్యాప్‌టాప్, రెండు కంట్రోలర్లు, మీ అంతే వచ్చిన ఫ్రెండ్ ఒకడు. ఓడించాక "నువ్వు ఎప్పుడూ అక్కడే ఎగురుతున్నావ్ రా" అని చెప్తాడు చూడండి, ఏ ట్యుటోరియల్ కూడా అంత సూటిగా చెప్పదు.

మీ దగ్గర ఉన్నది ఫోనా, పీసీనా, కన్సోలా, మీరు దేనితో మొదలుపెడుతున్నారో కామెంట్‌లో రాయండి. ఒకే గేమ్ ఆడేవాళ్ళు కింద ఒకరికొకరు రిప్లై ఇచ్చుకుని మ్యాచ్‌లు పెట్టుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా, త్రోలకి దొరక్కండి. ఉంటాను, బై!