రంగంలో తెగిన తీగ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కోస్తా జిల్లాలవాళ్ళు బర్మాను 'రంగం' అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి కూలికి పోయిన దేశం అది. అక్కడ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది, ఆంగ్ సాన్ సూకీగారిని నిర్బంధించింది. తెల్లవారేసరికి ఫోన్లు, ఇంటర్నెట్టు మూగబోయాయి. నాలుగో తేదీకి ఫేస్‌బుక్ బంద్. ఆ తర్వాత రోజూ రాత్రిళ్ళు ఇంటర్నెట్టు ఆపేసేవారు. మార్చిలో సెల్‌ఫోన్ డేటా కూడా పోయింది.

లోకం నివ్వెరపోయింది. మేము పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇదే పని 2019 జూన్‌లో అరకాన్ వైపు జరిగింది, అదీ సూకీగారి ప్రభుత్వం ఉండగానే! అంతకు రెండేళ్ళ ముందు 7 లక్షలకు పైగా రోహింగ్యా సోదరులు ప్రాణాలు అరచేత పెట్టుకుని బంగ్లాదేశ్ చేరారు. వాళ్ళమీద విషం చిమ్మే రాతలను ఆపడానికి తాము చాలినంత చేయలేదని ఫేస్‌బుక్‌వారే 2018లో ఒప్పుకున్నారు.

మరి దేశాలేం చేశాయి? 2021 జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో, బర్మాకు ఆయుధాలు చేరనివ్వొద్దన్న తీర్మానానికి 119 ఓట్లు వచ్చాయి. బెలారస్ ఒక్కటే కాదంది. తటస్థంగా ఉన్న 36 దేశాల్లో మనదీ ఒకటి. సరిహద్దు కారణాలున్నాయి, కాదనం. అయినా మనసు చివుక్కుమంది.

నార్వే ఫోన్ కంపెనీ టెలినార్ సంగతి వినండి. జనం మాటలు వినే యంత్రాలు నడపమంటే మావల్ల కాదని 2022లో వ్యాపారం అమ్మేసి వెళ్ళిపోయింది. మంచిదే అనుకుంటాం. కానీ సుమారు 1.8 కోట్ల ఖాతాదారుల వివరాలు కొత్త యజమానుల చేతికి పోయాయి. ఆ యజమానుల్లో సైన్యానికి దగ్గరివారని పేరున్న స్థానిక వ్యాపారులున్నారు. తాను చేతులు కడుక్కుంది, ఖాతాదారు దొరికిపోయాడు. దీన్ని న్యాయమనాలో, పలాయనమనాలో మాకు తోచలేదు.

రోహింగ్యాల కోసం హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం గడప తొక్కింది మాత్రం గాంబియా. మన జిల్లా ఒకదానంత జనాభా ఉన్న ఆఫ్రికా దేశం! 2019 నవంబరులో దావా వేస్తే, 2020 జనవరిలో మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి.

హైదరాబాదు బాలాపూర్‌లోనూ రోహింగ్యా కుటుంబాలున్నాయి. అక్కడి పిల్లల పుస్తకాలకు జకాత్‌లో కొంత తీద్దామని నిరుడే అనుకున్నాం. పద్దు ఇంకా తెరవలేదు. కార్యదర్శిగారు ఈ సభలోనే తెరవాలని కోరుతున్నాం.