డ్రోన్ దానంతట అదే పైకెందుకు లేచింది? సెన్సర్ కింద స్పాంజి కథ

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూనే చేస్తున్నా, ఎందుకంటే తప్పు పూర్తిగా నాదే.

మొన్న ఏప్రిల్‌లో మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద మా మామ పొలం. కోతలు అయిపోయి మడి ఎండిపోయి ఉంది. నేను సొంతంగా కట్టుకున్న ఆరు మోటార్ల డ్రోన్‌ని అక్కడ టెస్ట్ చేస్తున్నా. మొత్తం బరువు 5 కిలోల లోపే. కింద ఒక లీటరు బాటిల్ వేలాడదీశా. అందులో మందు లేదు, ఉత్త నీళ్ళే. మూడు మీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళి ఆల్టిట్యూడ్ హోల్డ్ మోడ్‌లోకి మార్చా. అంటే నేను ఏమీ చేయకపోయినా అదే ఎత్తులో నిలబడాలి కదా. నిలబడలేదు. రయ్యిమని పైకి లేచింది.

మామ సరిగ్గా దాని కిందే నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "మామా, పక్కకు జరుగు!" అని అరిచా. గబగబా మోడ్ మార్చి దించబోయేసరికి డ్రోన్ ఒక పక్కకి ఒరిగి, మామకు నాలుగడుగుల దూరంలో నేలకు కొట్టుకుంది. ఒక ఆర్మ్ విరిగింది. మామ ఫోన్ జేబులో పెట్టుకుని అడిగిన మొదటి మాట: "ఏందిరా, నువ్వు చెప్తే ఇనదా అది?"

ఆ రాత్రి లాగ్ ఫైల్ ఓపెన్ చేశాక అర్థమైంది. అది విన్నది. కానీ దాని చెవి పక్కనే నేను డప్పు కొడుతున్నా.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. డ్రోన్ మెదడు అనుకునే ఫ్లైట్ కంట్రోలర్‌లో యాక్సిలరోమీటర్, జైరో అనే చిన్న చిప్‌లు ఉంటాయి. మీ ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరుగుతుందే, అలాంటి చిప్‌లే. లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు ఒకటి స్ప్రింగ్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. అది ఎటు జరిగితే అటు కదలిక ఉన్నట్టు లెక్క. నా దాంట్లో ఉన్న సెన్సర్ 16 జీ వరకే కొలవగలదు. అంటే భూమి ఆకర్షణకి 16 రెట్లు. అంతకు మించి ఊపితే పైన ఉన్నదంతా కత్తిరించినట్టు పోతుంది.

అసలు మోసం ఇక్కడే ఉంది. గాల్లో కదలకుండా నిలబడ్డ డ్రోన్ కూడా ఎప్పుడూ 1 జీ చూపిస్తుంది, భూమి లాగుతుంది కాబట్టి. అంటే సున్నా దగ్గర కాదు, కాస్త పైనుంచి ఊగుతోంది. అందుకే బాగా వణికినప్పుడు పై వైపు ముందుగా హద్దుకి తగులుతుంది, ఎక్కువగా కత్తిరింపు పడుతుంది. సగటు తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుంది? "అమ్మో, కిందికి పడిపోతున్నా" అనుకుని మోటార్లకు పవర్ పెంచుతుంది. పవర్ పెరిగితే వణుకు ఇంకా పెరుగుతుంది. మామ చూసింది అదే.

[స్క్రీన్ మీద లాగ్ గ్రాఫ్]

ఇది చూడండి. నేను వాడేది ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్. వాళ్ళ డాక్యుమెంట్స్ ప్రకారం వైబ్రేషన్ 30 లోపు ఉంటే మామూలుగా ఫర్వాలేదు, 60 దాటితే ఎత్తు, స్థానం నిలబెట్టడంలో దాదాపు ఖాయంగా ఇబ్బంది వస్తుంది. యూనిట్ మీటర్ పర్ సెకండ్ స్క్వేర్. నాది 70 దాటింది. పక్కన క్లిప్పింగ్ అనే కౌంటర్ ఒకటి ఉంటుంది, అది సున్నాలో ఉండాలి. నాది ఆటో మీటర్‌లా తిరుగుతూనే ఉంది.

కానీ అసలు బాధేంటంటే, నేను సెన్సర్ కింద స్పాంజి పెట్టాను! రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేప్, నాలుగు మూలలకీ. మెత్తగా ఉంది కదా, వణుకు ఆగిపోతుందనుకున్నా. చాలామంది చేసేది ఇదే.

మెత్తగా ఉంటే చాలదు ఫ్రెండ్స్. కోదాడ నుంచి సూర్యాపేట వెళ్ళే పల్లె వెలుగు బస్సు ఎక్కారా? బస్టాండ్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆపితే ఒక్క కిటికీ అద్దం మాత్రమే టకటకటక కొట్టుకుంటుంది. బస్సు కదలగానే ఆగిపోతుంది. ఎందుకంటే ప్రతి వస్తువుకీ తనకంటూ ఒక ఊపు ఉంటుంది. ఇంజిన్ ఊపు దానితో కలిస్తే వణుకు పెరుగుతుంది. ఫోమ్ మీద కూర్చున్న సెన్సర్‌కి కూడా అలాంటి సొంత ఊపు ఉంటుంది. బయటి వణుకు ఆ ఊపుకి సుమారు 1.4 రెట్లు దాటితేనే ఫోమ్ పనిచేయడం మొదలవుతుంది. అంతకంటే కింద అయితే పని చేయదు సరికదా, ఇంకా పెంచుతుంది.

నా డ్రోన్ గాల్లో నిలబడినప్పుడు ప్రొపెల్లర్లు నిమిషానికి సుమారు 3,900 సార్లు తిరుగుతున్నాయి. 60తో భాగిస్తే సెకనుకు 65, అంటే 65 హెర్ట్జ్. మరి నా ఫోమ్ సొంత ఊపు ఎంత? దీనికి ఇంట్లోనే వేసుకోగలిగే లెక్క ఒకటుంది, రాసుకోండి. సెన్సర్‌ని పెడితే దాని సొంత బరువుకి ఫోమ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందో చూడండి. ఆ సంఖ్యకి వర్గమూలం కట్టి, 15.8ని దానితో భాగించండి. ఒక మిల్లీమీటరు కుంగితే దాదాపు 16 హెర్ట్జ్. పావు మిల్లీమీటరు అయితే 32. 65 రావాలంటే 0.06 మిల్లీమీటరు చాలు, అది కంటికి కూడా కనపడదు. నా కంట్రోలర్ బరువు 38 గ్రాములు. అంత తేలికైనది ఆ గట్టి ఫోమ్ మీద ఎంత కుంగుతుంది? ఏమీ కుంగలేదు. అంటే నేను పెట్టిన స్పాంజి దాదాపు ప్రొపెల్లర్ ఊపులోనే ఊగుతోందన్నమాట. ఆ బస్సు అద్దం నేనే తయారు చేసుకున్నా.

సరే, బాగు చేయడం ఎలా? ఫోమ్ జోలికి తర్వాత వెళ్దాం, ముందు డప్పు ఆపాలి. ప్రొపెల్లర్ ఒక రెక్క రెండో దానికంటే ఒక్క గ్రాము బరువెక్కువ, ఆ బరువు మధ్యనుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. 3,900 ఆర్‌పీఎంలో ఆ ఒక్క గ్రాము దాదాపు 850 గ్రాముల బరువంత బలంతో లాగుతుంది, అదీ సెకనుకు 65 చుట్లు తిరుగుతూ. నా ఆరింటిలో రెండు ప్రొపెల్లర్లు ఇలాంటివే. బ్యాలెన్సర్ కొనే డబ్బు లేకపోతే మధ్య రంధ్రంలో బిగుతుగా పట్టే నిటారైన ఉక్కు కడ్డీ దూర్చి, రెండు గాజు గ్లాసుల అంచుల మీద అడ్డంగా పెట్టండి. బరువున్న రెక్క కిందికి దిగుతుంది. తేలిక రెక్క వెనక వైపు చిన్న సెల్లోటేప్ ముక్క అంటించండి. ఎటూ దిగకుండా ఆగేదాకా అదే పని. ఆరింటికి నాకు ఒక సాయంత్రం పట్టింది. బోర్ కొడుతుంది, నిజం చెప్తున్నా. కానీ ఆ ఒక్క పనికే 70 ఉన్నది 45కి వచ్చింది.

తర్వాత బరువు. అవును, డ్రోన్‌లో గ్రాము గ్రాము తగ్గించుకునే మనం ఇక్కడ మాత్రం కావాలనే పెంచాలి. కంట్రోలర్‌ని 110 గ్రాముల రేకు మీద గట్టిగా బిగించా. రేకు అంటే అల్యూమినియం. ఇనుము పెట్టొద్దు, కంపాస్ పాడవుతుంది. ఆ రేకుని అదే ఫోమ్ మీద కూర్చోబెట్టా. బరువు నాలుగు రెట్లయింది కాబట్టి సొంత ఊపు సగమైంది, 32 దగ్గరికి వచ్చింది. ఇప్పుడు 65 దానికి రెట్టింపు. లెక్క ప్రకారం మూడో వంతు వణుకే లోపలికి రావాలి. లాగ్‌లో 18 వచ్చింది, క్లిప్పింగ్ సున్నా.

ఇంకా మెత్తగా, ఇంకా బరువుగా చేద్దామా అంటే, వద్దు. మరీ మెత్తనైతే డ్రోన్ ఒరిగాక ఆ విషయం సెన్సర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది, అప్పుడు వేరే రకంగా ఊగుతుంది. ఇంకో సంగతి, వైర్లు. నేను రేకు అంతా చేసి, బ్యాటరీ నుంచి వచ్చే మందపాటి వైర్‌ని కంట్రోలర్‌కి బిగుతుగా లాగి కట్టా. వణుకు ఫోమ్‌ని వదిలేసి వైర్ దారిన వచ్చింది. వైర్ సన్నగా, కొంచెం వదులుగా వేలాడాలి.

మనుషులు ఎక్కే సొంత విమానాలకీ ఇదే గొడవ, కానీ జవాబు వేరు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద విమానం కట్టారు కదా, 2017లో డీజీసీఏ దాన్ని వీటీ-ఎన్ఎండీ పేరుతో రిజిస్టర్ చేసింది. అలా సొంతంగా కట్టే చిన్న విమానాల్లో చాలావాటికి రోటాక్స్ 912 ఇంజిన్ ఉంటుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర దాని క్రాంక్ ఊపు 83 హెర్ట్జ్, నాలుగు సిలిండర్ల పేలుళ్ళు 167. గేర్ 2.43 ఉన్న మోడల్‌లో ప్రొపెల్లర్ ఊపు 34. మూడు డప్పులు ఒకేసారి! అక్కడ ఇంజినే రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. కాబట్టి సెన్సర్ డబ్బాని విమానం అస్థిపంజరానికి గట్టిగా బిగించాలి, ఊగే డ్యాష్‌బోర్డ్ రేకుకి కాదు. మధ్యలో మన సొంత స్పాంజి అసలు వద్దు.

ఇదంతా మనకెందుకు, మనకి డ్రోన్ లేదుగా అంటారా? బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగిస్తారుగా. పెద్ద ఇంజిన్ బైకుల వణుకు కెమెరా స్టెబిలైజేషన్‌ని పాడు చేయొచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది. ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఆన్ చేసి ఫోన్‌ని వాషింగ్ మెషిన్ మీద పెట్టి చూడండి, ఊపులు గీతలుగా కనపడతాయి. ఒక్క జాగ్రత్త. ఫోన్ సెన్సర్ సెకనుకు 200 సార్లు కొలుస్తుంటే 100 హెర్ట్జ్ దాటినవి సరిగ్గా కనపడవు. 130 ఉన్నది 70లా కనిపించి మోసం చేస్తుంది, సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు.

చివరగా, "అన్నా, సాగర్ డ్యామ్ మీద డ్రోన్ షాట్ తియ్యి" అని చాలామంది అడుగుతున్నారు. తియ్యను, మీరూ వెళ్ళొద్దు. డ్యామ్‌కి భద్రత ఉంటుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోనో కాదో చూసుకోవాలి. పొలంలో మందు కొట్టడానికైతే ఇలా ఇంట్లో కట్టింది పనికిరాదు, టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్న పైలట్ కావాలి.

రిపేర్ అయ్యాక మళ్ళీ అదే మడిలో ఎగరేశా. పది నిమిషాలు, మూడు మీటర్ల ఎత్తులో, గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. ఈసారి కింద ఎవరినీ ఉండనివ్వలేదు. మామని పిలిచి చూపిద్దామంటే కాలువ గట్టు మీదనుంచి దిగలేదు. "ఇక్కడికి బాగనే కనపడ్తుందిలే" అన్నాడు. వచ్చే ఆదివారం కంపాస్ ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.