నా పేరు మీద వారెంటు ఉందా?

(సూరత్, లింబాయత్‌లో తెలుగు విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీ ముందు ఒక చిన్న ప్రశ్న పెడతాను. లింబాయత్‌లో సాంచాల మీద పనిచేసే మనిషికి, వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న తన మండల కేంద్రం కోర్టులో తన పేరు మీద అరెస్టు వారెంటు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ కూర్చున్న మనలో లా చదివినవాళ్లు, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఉన్నారు. అయినా సగం మందిమి దీనికి వెంటనే జవాబు చెప్పలేం. నేనూ ఒకప్పుడు చెప్పలేకపోయాను.

మా చిన్నాయిన మా నాయిన తర్వాత సూరత్ వచ్చాడు. రాకముందు ఊళ్లో మాదిగవాడకీ పెద్ద కులాల వాళ్లకీ గొడవ జరిగింది. మావాళ్లు అట్రాసిటీ కేసు పెట్టారు. రెండు రోజులకే అవతలివాళ్లు కౌంటర్ కేసు పెట్టారు. మన ఊళ్లన్నిటిలో జరిగే కథే ఇది. మా కేసులో సాక్షులు ఎదురు తిరిగారు, కొట్టేశారు. కౌంటర్ కేసు మాత్రం బతికే ఉంది. అందులో మా చిన్నాయిన నాలుగో ముద్దాయి. బెయిలు తీసుకున్నాడు, రెండు వాయిదాలకు వెళ్లాడు, తర్వాత కూలి కోసం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. కేసు పోయిందనే అనుకున్నాడు.

ఆరేళ్ల తర్వాత మా నానమ్మ చనిపోతే ఊరికి వెళ్లాడు. మూడో రోజు కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. నాన్ బెయిలబుల్ వారెంటు. తల్లి దినాలు కాకముందే పదకొండు రోజులు సబ్ జైల్లో ఉన్నాడు. నేనప్పుడు లా రెండో సంవత్సరం. మా నాయిన ఒక్కటే అడిగాడు: "నువ్వు లా చదువుతున్నవు గదా, ఆడ ఏమన్న ఉన్నదా లేదా ముందే చూడలేకపోయినవా?" ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

చూడగలిగేవాణ్ణా? ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. కోర్టు జారీ చేసిన వారెంటు, అదే కోర్టు రద్దు చేసేదాకా లేదా పోలీసులు అమలు చేసేదాకా బతికే ఉంటుంది. పాత సీఆర్‌పీసీలో ఇది 70వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72. అంటే వారెంటుకు కాలదోషం లేదు. మనం ఊరు మారినా, పేదరికం మారినా అది అక్కడే ఉంటుంది.

2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు, ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంటు, మనిషి కావాలనే తప్పించుకుంటున్నాడని తేలితేనే నాన్ బెయిలబుల్ వారెంటు అనే వరుస చెప్పింది. కానీ సమన్లు వెళ్లేది తాళం వేసిన ఇంటికి. వలస వెళ్లినవాడు కాగితం మీద 'తప్పించుకు తిరుగుతున్నవాడు' అవుతాడు. ఆకలికి ఊరు వదిలినవాడికీ, శిక్షకు భయపడి పారిపోయినవాడికీ ఆ కాగితం తేడా చూపదు.

2011లో రఘువంశ్ దేవన్‌చంద్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు మరో మంచి మాట చెప్పింది. ముంబైలో రద్దయిపోయిన వారెంటు మీద ఒక న్యాయవాదిని అరెస్టు చేసిన కేసు అది. ప్రతి కోర్టూ తాను జారీ చేసిన వారెంట్లన్నిటికీ వరుస నంబర్లతో రిజిస్టరు పెట్టాలని అప్పుడు ఆదేశించింది. కాబట్టి మన పేరు ఎక్కడో ఒక పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం ఎవరికి తెరుచుకుంటుందన్నదే ప్రశ్న.

ఇప్పుడు పని గురించి మాట్లాడుకుందాం. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ముద్దాయి పేరుతో వెతకొచ్చు. కానీ పేర్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. నర్సయ్య పేరును నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పేరుతో వెతికి 'ఏమీ లేదు' అని వస్తే నమ్మకండి. ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకండి. పోలీస్ స్టేషన్, నంబరు, సంవత్సరం ఉంటే చాలు, స్పెల్లింగ్ బాధ ఉండదు. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, సున్నితమైనవి తప్ప ఎఫ్ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది. కాబట్టి ఆ తర్వాతి కేసులకు నంబరు దొరికే దారి ఉంది. అంతకుముందు కేసులకు పాత బెయిలు కాగితం వెతకాలి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది.

కేసు దొరికాక 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసి పెట్టుకోండి. వాయిదా దేనికి పడిందో చూడండి. వారెంటు ఉంటే చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. ఇంకో చిక్కు ఉంది. మిగతా ముద్దాయిలు హాజరై ఒకడు రాకపోతే అతని కేసును విడదీసి కొత్త నంబరు ఇస్తారు. పాత నంబరులో 'కేసు ముగిసింది' అని కనబడుతుంది. మా చిన్నాయిన విషయంలో జరిగింది ఇదే. అందరికీ కొట్టేశారని విని తనకూ కొట్టేశారనుకున్నాడు.

వారెంటు ఉందని తెలిస్తే భయపడి ఇంకా దూరం పోకూడదు. వకీలు ద్వారా కోర్టులో హాజరై వారెంటు రీకాల్ పిటిషన్ వేయాలి. రాలేకపోయిన కారణం చెప్పాలి, సూరత్‌లో పని చేస్తున్న రుజువు చూపాలి. తానే వచ్చి నిలబడినవాడిని కోర్టు చూసే చూపు వేరు, పట్టుకొచ్చినవాడిని చూసే చూపు వేరు. వకీలుకు డబ్బుల్లేవంటారా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. ఫోన్ నంబరు 15100.

ఈ రికార్డు ముద్దాయికే కాదు, బాధితులకూ కావాలి. అట్రాసిటీ కేసుల్లో నిందితుల మీద వారెంట్లు ఉంటాయి, నిందితులు ఊళ్లోనే తిరుగుతుంటారు, 'దొరకడం లేదు' అని రిపోర్టు వెళ్తుంది. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్, కేసులో జరిగే ప్రతి విచారణ గురించీ సకాలంలో సమాచారం పొందే హక్కు బాధితులకిచ్చింది. ఆ హక్కును కాగితం మీద పిటిషన్ పెట్టి అడగాలి. ఒకే రిజిస్టరు మనవాణ్ణి తల్లి దినాల మధ్య పట్టుకుంటుంది, మనల్ని కొట్టినవాణ్ణి ఏళ్ల తరబడి వదిలేస్తుంది. కులం పనిచేసే తీరు ఇది.

అయితే రిజిస్టర్లన్నీ బహిరంగం చేస్తే సరిపోతుందా? అమెరికాలో చిన్న చిన్న కౌంటీల్లో కూడా చాలాచోట్ల షెరీఫ్ కార్యాలయాలు వారెంటు ఉన్నవాళ్ల పేర్లు అందరికీ కనబడేలా పెడతాయి. మనం అలాంటిది అడిగే ముందు చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1871 నేరస్థ తెగల చట్టం పెట్టింది కూడా రిజిస్టరే. స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లు, ఇక్కడ గుజరాత్‌లో ఛారాలు ఆ పుస్తకాల్లో పుట్టుకతోనే నేరస్థులయ్యారు. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం పోలేదు. పేరు గోడకెక్కితే మనవాడికి ఇల్లు అద్దెకివ్వరు, సాంచా మీద నిలబడనివ్వరు. కాబట్టి మనం అడగాల్సింది అందరి పేర్లూ అందరికీ చూపించమని కాదు. ఎవరి పేరు రాశారో వాళ్లకు, వాళ్ల భాషలో, వాళ్లున్న ఊరి నుంచే తెలిసే ఏర్పాటు కావాలి. చెబితే పారిపోతారంటారు. ముద్దాయి దొరకనప్పుడు ఊరి నడుమ బహిరంగంగా ప్రకటన చదివించమని చెప్పేది చట్టమే. ఊళ్లో చదవగలిగినది సూరత్‌కు ఎందుకు పంపలేరు?

1949 సెప్టెంబర్ 15న బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో 15ఎ అధికరణాన్ని ప్రవేశపెట్టారు. అదే నేటి 22వ అధికరణం. అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ హక్కు చేతికి బేడీ పడ్డాక మొదలవుతుంది. వలస కూలీకి అది చాలదు. బేడీకి ముందే తెలుసుకునే హక్కుగా దాన్ని వెనక్కి జరపడం మన తరం పని.

ఒక్క పని అడుగుతాను. నెలకొక ఆదివారం లింబాయత్‌లో ఒక బల్ల వేద్దాం. ఒక ల్యాప్‌టాప్, ఇద్దరు విద్యార్థులు చాలు. పాత కాగితాలు తెచ్చినవాళ్లకు కేసు చూసిపెడదాం. గంజాం నుంచి వచ్చిన ఒడియా కూలీలదీ ఇదే బాధ, వాళ్లనూ పిలుద్దాం. చూసిన పేరు బయట చెప్పకూడదన్నది మొదటి నియమం. రేపు ఇంకెవరి నాయినా తన కొడుకును ఆ ప్రశ్న అడగాల్సి రాకూడదు.

జై భీమ్.