గ్రహణము లేని నాటి సూర్యుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్దులు వ్రాసి బ్రదుకువానికి జ్యోతిశ్శాస్త్రముతో పనియేమని మీలో కొందరనుకొనవచ్చును. నా కుడికన్నే అందులకు సమాధానము. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సూర్యగ్రహణము పట్టినపుడు పెద్దలు ఇంటి తలుపులు మూసిరి. బాలుడనైన నేను పొగచూరిన గాజుపెంకు చేతబట్టి, పెరటిలోనికి పోయి చూచితిని. నొప్పి కలుగలేదు. మఱునాడు పుస్తకము తెఱవగా కుడికంటికి అక్షరముల నడుమ నల్లని మచ్చ కనబడెను. అది నేటికిని పోలేదు. ఈ గ్రంథాలయమున నేను చదివిన కావ్యములన్నియు ఎడమకంటితో చదివినవే.

నాడు చూడగోరినదానిని మొన్న మాఘమాసమున మా మేనల్లుని దూరదర్శినిలో, గ్రహణము లేకయే చూచితిని. సూర్యబింబము దానిమ్మగింజవలె ఎఱ్ఱగా నుండెను. అంచున చిన్న జ్వాలలు లేచి నిలిచియుండెను. చిన్నవి కంటికే, అట్టివి భూమికంటె ఎన్నియో రెట్లు పెద్దవి. బింబముపై నల్లని దారములవలె కనబడునవియు ఆ జ్వాలలే.

ఈ విద్యకు మన గుంటూరు పుట్టినిల్లు. 1868 ఆగష్టు 18వ తేదీ సంపూర్ణ గ్రహణమునకై ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ పండితుడు అచ్చట వర్ణదర్శినితో ఆ జ్వాలల వెలుగును పరీక్షించెను. అందలి గీతలు మిక్కిలి ఉజ్జ్వలముగా నుండుటచే, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడు నిండు ఎండలోనే చూచెను. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ ఈ సంగతి తెలియకయే అదే సాధించెను. జ్వాలలు గ్రహణమునాడు పుట్టునవి కావు. అధికమైన వెలుగే వానిని మఱుగుపఱచుచున్నది.

సప్తాశ్వుని రథమునకు గుఱ్ఱములేడు. ఈ దూరదర్శిని వానిలో ఎఱ్ఱని గుఱ్ఱపు తోకలో ఒక్క వెండ్రుకను మాత్రమే లోనికి రానిచ్చును. అది హైడ్రోజన్ వాయువు వెలార్చు 6,563 ఆంగ్‌స్ట్రాముల కాంతి. రానిచ్చు పట్టీ వెడల్పు ఒక్క ఆంగ్‌స్ట్రామునకు లోపే. తక్కిన వెలుగును, వేడిని అది వెలుపలనే నిలుపును.

ఛాయాచిత్రములకు ఉదయము మేలు. నేల కాగినచో గాలి కదలి బింబము వణకును. నలుపుతెలుపు కెమెరాతో వందల చిత్రములు తీసి, కుదురైనవానిని ఏరి, కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చి సరాసరి కట్టుదురు. చిల్లర తప్పులు ఒండొంటిని కొట్టివేయగా అసలు నిలుచును. ఇది మా లెక్కలవారికి సులభముగా బోధపడు సంగతి. కొడైకెనాలు వేధశాలవారు 1912 నుండి ఈ ఎఱ్ఱని వెలుగులో సూర్యుని చిత్రములు తీసి భద్రపఱచిరి.

ప్రతి ఆదివారము ఉదయము ఈ ఆవరణలో దూరదర్శినిని నిలుపుటకు మేనల్లుడు అంగీకరించినాడు. పిల్లలు తేదీయు వేళయు వేసి జ్వాలలను గీయుటకు ఒక చిట్టాపుస్తకమును నేనిచ్చుచున్నాను. కర్మసాక్షికి చిట్టా వ్రాయుట నావంటివానికి తగిన పని.

తల్లులారా, గ్రహణమునాడు తలుపులు మూసినంత మాత్రమున బిడ్డ కన్ను దక్కదు, నాకు దక్కలేదు. పొగగాజు, ఎక్స్-రే ఫిలిము, మామూలు దుర్భిణి — వీనితో సూర్యుని చూడవలదని చెప్పుడు. చెప్పి, పిల్లలను ఇచ్చటికి పంపుడు. చూడగోరు బిడ్డకు చూచు దారి చూపుటయే గ్రంథాలయ ధర్మమని మనవి చేయుచు విరమించుచున్నాను.