ఒంటరి సాధనకు ఒక్క స్టంపు

(ప్లాటినం జూబిలీ క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ శుభసందర్భాన ముందుగా నా పొరపాటొకటి మనవి చేసుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఒక విద్యార్థి తరగతి గోడకు బంతి వేస్తూ కనిపించాడు. గోడ పాడవుతుందని మందలించి బంతి తీసుకున్నాను. "ఆడడానికి ఎవరూ లేరు టీచర్" అన్నాడతడు. ఆ మాటలోని బాధ నాకప్పుడు తెలియలేదు. తెలుగు మాధ్యమంలో పిల్లలు తగ్గి, పదకొండుగురితో జట్టు కూర్చడమే కష్టమైనప్పుడు తెలిసింది.

జస్‌ప్రీత్ బుమ్రా అహ్మదాబాదులో బాలుడిగా ఉన్నప్పుడు, ఎండవేళ ఇంట్లో చప్పుడు చేయవద్దని తల్లి ఆంక్ష విధించారు. గోడ నేలను కలిసే అంచుకు తగిలితే శబ్దం తక్కువని గ్రహించి, అతడు అక్కడికే బంతులు వేశాడు. అతని యార్కరుకు అది తొలి పాఠమైంది. ఆ తల్లి కూడా పాఠశాలలో పనిచేసినవారే. ఆమె చప్పుడు వద్దన్నారు. నేను ఆటే వద్దన్నాను.

గురి ఉంటే తోడు లేకున్నా సాధన సాగుతుంది. అమెరికాలో 1940లలో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు శిక్షణలో బ్రాంచ్ రికీ రెండు గుంజల నడుమ తాళ్ళతో చట్రం కట్టించారు. బంతి ఆ తాళ్ళ మధ్యగా పోవాలి. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

మన నగరంలోనే చేత్‌పట్‌లో, 1987లో ప్రారంభమైన ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో డెనిస్ లిల్లీ యువ బౌలర్లను తీర్చిదిద్దారు. అంతటి వసతులు మనకు లేవు. అయినా మన వ్యాయామోపాధ్యాయులు 22 గజాల దూరాన ఒక్క స్టంపు పాతి, వెనుక పాత వల కట్టారు. స్టంపు ముందు సున్నంతో చతురస్రం గీశారు. చిన్నపిల్లలకు దూరం తగ్గించారు. ఆరు బంతులు వేసి, గీతలో పడినవెన్నో, స్టంపుకు తగిలినవెన్నో, తప్పినవి ఎటు పోయాయో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. అన్నీ ఒకేవైపు తప్పుతుంటే దోషమెక్కడో వెదకవచ్చు. భుజం నొప్పి పుడితే వెంటనే ఆపాలి. బ్యాట్స్‌మన్ ఎత్తుగడలను స్టంపు నేర్పదు. అందుకు తోటివారు కావలసిందే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. సాయంత్రం ఒక అరగంట పిల్లలను మైదానంలో ఉండనివ్వండి.

ఆ విద్యార్థి నేడీ సభలో ఉంటే, అతని బంతి నా బీరువాలో భద్రంగా ఉందని తెలియజేస్తున్నాను. వచ్చి తీసుకోవచ్చు, ముందుగా ఆ స్టంపుకు ఆరు బంతులు వేసి చూపాలి.