వైద్యుని కత్తికి దారి చూపే వెలుగు
(గజపతినగరం సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మన గజపతినగరం ప్రాంతములో చుట్ట కొత్త వస్తువు కాదు. కాలుతున్న కొసను నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ పీల్చే అవ్వలను మనమందరము ఎరుగుదుము. శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మందిని పరీక్షించిన వైద్యులు, ఈ అలవాటు వలన అంగిటికి కలిగే హానిని 1971లో ప్రకటించినారు. అంగిటిలో పుండు లేస్తే నోరు తెరిచి చూడవచ్చును. ఊపిరితిత్తిలో గడ్డ లేస్తే ఎవరికి కనబడుతుంది? దీనికి పొగాకే ప్రధాన కారణము. అయితే పొగ ముట్టనివారికి కూడ వచ్చుట గలదు.

గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే కోసి తీసివేయుట మంచి చికిత్స. కాని రొమ్ము తెరిచిన తరువాత ఆ చిన్న గడ్డను వెదకుట వైద్యునికి కూడ కష్టమే. స్కానులో కనబడిన మచ్చను కంటితోను, వేలికొసతోను వెదకవలెను. తక్కువ కోస్తే వ్యాధి మిగిలిపోవును. ఎక్కువ కోస్తే రోగికి ఊపిరి చాలదు.

ఈ చిక్కును తగ్గించుటకు వచ్చినదే పాఫోలాసయానిన్ అనే మందు. ఆకుకూరలలో దొరికే ఫోలిక్ ఆమ్లమును పట్టుకొనే కొక్కెములవంటివి అనేక ఊపిరితిత్తుల కేన్సరు కణాలమీద అధికముగా ఉంటవి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు ఫిలిప్ లో గారి పరిశోధనల ఫలితముగా, ఫోలిక్ ఆమ్లమును పోలిన పదార్థమునకు వెలిగే రంగును జతచేసినారు. ఆపరేషనుకు 1 నుండి 24 గంటల ముందు దీనిని నరములోనికి ఎక్కిస్తారు. ఆ వెలుగు మన కంటికి ఆనదు. ప్రత్యేకమైన కెమెరా దానిని పట్టి తెరమీద చూపును. అమెరికా ప్రభుత్వము దీనిని 2021లో అండాశయ కేన్సరుకు, 2022 డిసెంబరులో ఊపిరితిత్తుల ఆపరేషనులకు అనుమతించినది.

ఇందులో మన తెలుగువారి పాలు కూడ ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. నాడు రక్తహీనతకు మందైనది నేడు కత్తికి గురి చూపుచున్నది.

12 ఆసుపత్రులలో 100 మంది రోగులపై చూడగా 53 మందిలో ఈ వెలుగు అక్కరకు వచ్చినది. కొందరిలో దొరకని గడ్డ దొరికినది. కొందరిలో దాగిన మరొక గడ్డ బయటపడినది. మరికొందరిలో కోసిన అంచుకు సమీపముగా వ్యాధి ఉన్నదని తెలిసినది. కాని లోతుగా ఉన్న గడ్డ వెలగకపోవచ్చును; కేన్సరు లేని వాచిన భాగము వెలగవచ్చును. కాబట్టి తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించవలసినదే. మందు ఎక్కించుటకు 48 గంటల ముందునుండి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు మానవలెను.

ప్రియులారా, ఈ వెలుగు ఆపరేషను బల్లమీదికి చేరినవారికే పనికివచ్చును. వ్యాధి ముదిరిన తరువాత ఆ బల్లవరకు వెళ్లే అవకాశమే చాలమందికి ఉండదు. "చుట్ట దగ్గే" అని మనము నెలలు గడుపుచున్నాము. దగ్గు రెండు వారములు దాటినా, కళ్లెలో నెత్తురు కనబడినా ప్రభుత్వ ఆసుపత్రికి పోదము. క్షయ పరీక్ష చేయించుకొందము. క్షయ కాదని తేలినా, మందులతో తగ్గకపోయినా అంతటితో ఊరుకొనక ఎక్స్‌రే, స్కాను అడుగుదము. విశాఖలో అగనంపూడివద్ద హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉన్నది. ఒంటరిగా వెళ్లలేని అవ్వకు మనలో ఒకరు తోడుపోదము. ఇది మన చేతిలోని పని.