పదునెనిమిదవ యేట తలుపు మూయరాదు
(ఏలూరున చేసిన ప్రసంగ పాఠము)



దిక్కులేని బిడ్డకు అన్నము పెట్టుట ధర్మమని మన జనులకు ఒకరు చెప్పనక్కరలేదు. బాలగృహములకు బియ్యము పంపువారును, పండుగనాడు బట్టలు పంచువారును ఏలూరునను గలరు, తాడేపల్లిగూడెమునను గలరు. కాని ఆ బిడ్డ పదునెనిమిదేండ్లు నిండి గృహము విడుచునాడు వెంట నడచువారెవ్వరు? నేడు మేము మీ ముందుంచు ప్రశ్న ఇదియే.

ఈ భారము ప్రభుత్వము వహించుట క్రొత్తగాదు. ఈ సీమ మద్రాసు రాజధానిలో నుండగా 1920లోనే మద్రాసు బాలల చట్టము వెలసినది; దేశమున అట్టి చట్టములలో అదియే మొదటిది. నేడు అమలునందున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టము. ప్రతి బిడ్డకును ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెననియు, సంస్థలో నుంచుట కడపటి మార్గము మాత్రమేననియు అది చెప్పుచున్నది.

అయితే గృహము విడుచువారికి ధనసహాయము 'చేయవచ్చును' అని మాత్రమే 46వ సెక్షను పలికినది. 'చేయవలెను' అన్నచో హక్కగును. 'చేయవచ్చును' అనుటచే దయయైనది. 2016 నాటి నియమములు ఈ అనంతర సంరక్షణను 21 ఏండ్ల వరకును, విశేష సందర్భములలో 23 వరకును సాగనిచ్చినవి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. కాగితముపై దారి గలదు. ఆ దారి చూపువారు కావలెను.

కొల్లేటివారికి ఇది తెలియని సంగతి కాదు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చు నీరు కొల్లేట జేరి, ఉప్పుటేటి దారినే సముద్రమునకు బోవును. ఆ దారి పూడినచో లంక గ్రామములు మునుగును. మన బాలసంరక్షణమునను లోనికి వచ్చు దారులు పెక్కు. వెలికి బోవు దారియే పూడియున్నది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినవి. ఏలూరు వేరు జిల్లా యైనది. తాడేపల్లిగూడెము భీమవరము ముఖ్యపట్టణముగా గల పశ్చిమ గోదావరిలో నిలిచినది. కైకలూరు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాకు వచ్చినది. గూడెపు బిడ్డ ఏలూరున పెరిగినచో వాని కాగితములకు ఏ కచేరీ జవాబుదారి? తల్లిదండ్రులున్న పిల్లవానికి తండ్రి కచేరీల చుట్టు తిరుగును. వీనికి ఎవరు తిరుగుదురు?

కావున మేము కోరునవి మూడు. పదునారవ యేటనే ప్రయాణపు ఏర్పాటు మొదలుకావలెను. జనన పత్రము, ఆధారు, చదువు పత్రములు, బ్యాంకు ఖాతా గృహము విడువకమున్నే చేతికందవలెను. ప్రతి యువకునికిని, ప్రతి యువతికిని పేరుపెట్టి పిలిచి మంచిచెడ్డలు కనుగొను పెద్దదిక్కు ఒకరుండవలెను. ఒంటరిగా అద్దెయిల్లు వెదకు ఆడపిల్లకు ఈ తోడు మఱింత అవసరము.

మొదటి రెండును ప్రభుత్వము పని. మూడవది మనది. బియ్యపు బస్తా పంపిన చేయి పని నేర్పుటకును, అద్దెయింటికి పూచీ నిలుచుటకును ముందుకు రావలెను. నడియేట తెప్ప లాగివేసి, ఈదలేదని బిడ్డను నిందించుట న్యాయము కాదు.